ఆ పిట్ట పేరేమిటి? డాక్టర్ సలీం అలీ జీవిత విశేషాలు

సావనీరు వెలువడే ప్రతి సంవత్సరం ఎవరైనా ఒక పెద్దమనిషి జీవితాన్ని గూర్చి నాలుగు పేజీలు వ్రాసి యివ్వమని సొసైటీ వారు ఒక ఉపాధ్యాయునికి అప్పగిస్తుంటారు. ఈసారి ఆ బాధ్యత మా మీద పడింది. నవాబులను గూర్చి, మంత్రులను గూర్చి, కవులను గూర్చి వ్రాసేవారు చాలామంది వున్నారు. మేము మాత్రం జీవితమంతా పిట్టల వెంట తిరిగిన ఒక మనిషిని గూర్చి వ్రాయదలిచాము. పిట్టల మీద వ్రాయడానికి ఏముంటుంది అని మిత్రులు కొందరు నవ్వారు. వారు కూడా దీన్ని చివరిదాకా చదవాలని మా మనవి.

ఈ వ్యాసానికి ఒక కారణం వుంది. అది ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే అందులో తప్పు మాదే.

కొన్నేళ్ళ కిందట మేము మహబూబాబాద్‌లో పనిచేస్తున్న రోజులవి. నవంబరు నెల. తరగతి కిటికీ పక్కనే పెద్ద వేపచెట్టు. పాఠం నడుస్తుండగా ఒక పిల్లవాడు లేచి, ఆ చెట్టులో పొద్దటి నుంచి చి-వీ, చి-వీ అని అరుస్తున్న పిట్ట పేరేమిటని అడిగాడు. మాకు తెలియదు. తెలియదని చెబితే పిల్లల ముందు చిన్నతనమని తోచింది. పిచ్చుక పిల్ల అని చెప్పి పాఠంలోకి పోయాము. వాడు కూర్చోలేదు. పిచ్చుక పిల్లలు ఇప్పుడెందుకు వుంటాయి సార్, పిచ్చుక ఇట్లా అరవదు గదా అన్నాడు. మేము గట్టిగా కసిరాము. తరగతి అంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు. ఆ తరువాత ఆ సంవత్సరమంతా వాడు మమ్మల్ని ఏ ప్రశ్నా అడగలేదు.

అది మా మనసులో ముల్లులాగా వుండిపోయింది. ఆ ముల్లు తీసినది సలీం అలీ సాహెబ్ జీవితచరిత్ర. ఆయన జీవితం కూడా ఒక పిచ్చుక వంటి పిట్టతోనే, ఒక పిల్లవాని ప్రశ్నతోనే మొదలైంది. అయితే అక్కడ ఆ ప్రశ్న విన్న పెద్దమనిషి మాలాగా చేయలేదు.

బాల్యము

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. ఇంటి పిల్లలందరిలో ఆయనే కడపటివారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళ వయసులో తల్లి పోయారు. తల్లిదండ్రులు లేని ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఖేత్‌వాడీలోని తమ ఇంట్లో పెట్టుకొని పెంచారు. వారికి సంతానం లేదు. స్వాతంత్ర్యోద్యమంలో గాంధీజీ వెంట నిలిచిన అబ్బాస్ తయ్యబ్జీ కూడా ఈ కుటుంబం వారే.

అమీరుద్దీన్ సాహెబ్‌కు వేట మీద మక్కువ ఎక్కువ. మేనల్లుడికి ఒక ఎయిర్‌గన్ యిచ్చారు. 1908 ప్రాంతంలో, పది పన్నెండేళ్ళ వయసులో, సలీం ఆ తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకొని చూస్తే అది రోజూ ఇంటి చూరులో తిరిగే పిచ్చుకలాగా లేదు. గొంతు మీద పసుపురంగు మచ్చ వుంది. మత నియమాలు పాటించే ఇల్లు కనుక, ఇది తినదగిన పక్షి అవునా కాదా అనే సందేహం కూడా కలిగింది. దాన్ని తీసుకొని మామ దగ్గరికి పోయాడు.

మామకూ అది ఏ పక్షో తెలియలేదు. ఎన్నో ఏళ్ళుగా వేటాడిన మనిషి. ఏదో ఒక పేరు చెప్పి పంపించవచ్చు, ఎవరూ కాదనరు. కాని ఆయన తనకు తెలియదని ఒప్పుకొని, తెలిసినవారి దగ్గరికి పిల్లవాణ్ణి పంపారు. 1883లో ఏర్పడిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి అప్పటి కార్యదర్శి డబ్ల్యు. ఎస్. మిల్లార్డ్ అనే దొర. ఆయన పేరిట ఉత్తరం వ్రాసి, పక్షిని కాగితంలో చుట్టి చేతికిచ్చారు.

తెల్లదొర గదిలోకి పోవాలంటే ఆ రోజుల్లో పెద్దవాళ్ళకే కాళ్ళు వణికేవి. మిల్లార్డ్ మాత్రం పిల్లవాణ్ణి ఆదరంగా కూర్చోబెట్టుకొని, అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పారు. అంతటితో పంపించలేదు. బీరువాల సొరుగులు లాగి, గడ్డి నింపి భద్రపరచిన వందలాది పక్షులను చూపించారు. చదువుకోవడానికి పుస్తకాలిచ్చారు. పక్షి చర్మాన్ని తీసి చెడిపోకుండా నిలువ చేసే విధం నేర్పించారు. ఆ గదిలోంచి బయటికి వచ్చిన పిల్లవాడు మిగిలిన డెబ్బయి తొమ్మిదేళ్ళు పక్షులను వదలలేదు. ఆయన చివరి వయసులో, 1985లో, వెలువరించిన స్వీయచరిత్రకు కూడా ఆ పిచ్చుక పేరే వచ్చేట్లు పెట్టుకున్నారు.

చదువులో వెనుకబాటు

సలీం అలీ సాహెబ్ పరీక్షల్లో మొదటివారని పాఠకులు అనుకుంటే పొరపాటు. పదమూడేళ్ళ వయసు నుంచి విపరీతమైన తలనొప్పి. పొడిగాలి తగిలితే నయమవుతుందని సింధు రాష్ట్రంలో బంధువుల దగ్గరికి పంపారు. చదువు తెగిపోతూ, మళ్ళీ అతుక్కుంటూ సాగింది. 1913లో మెట్రిక్ ఎట్లాగో గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఒక్క ఏడాది కష్టంగా గడిచింది. తరువాత కాలేజీ మానేసి, కుటుంబానికి గనులు, కలప వ్యాపారం వున్న బర్మాలోని టవోయ్‌కి పోయారు. వ్యాపారం ఏమి నేర్చుకున్నారో గాని, అక్కడి అడవులలో పక్షులను మాత్రం కడుపునిండా చూశారు.

1917లో తిరిగి వచ్చి వాణిజ్యం చదువుతూనే, సెయింట్ జేవియర్స్‌లో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం చదివారు. 1918 డిసెంబరులో దూరపు బంధువైన తెహ్మీనా బేగంతో వివాహం జరిగింది. పక్షుల శాస్త్రజ్ఞునిగా సర్కారు ఉద్యోగం దొరుకుతుందేమోనని ప్రయత్నిస్తే, జువలాజికల్ సర్వేలో ఆయనకు డిగ్రీ లేదన్న కారణంగా స్థానం దొరకలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించే గైడ్ లెక్చరర్ పని దొరికింది. నెలకు 350 రూపాయల జీతం.

రెండేళ్ళలోనే ఆయనకు ఒక సంగతి అర్థమైంది. ప్రేమ ఒక్కటే చాలదు, పద్ధతి నేర్చుకోవాలి. 1928లో సెలవు పెట్టి జర్మనీ పోయారు. బెర్లిన్ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే మహాపండితుని దగ్గర పనిచేశారు. ఆయననే తన గురువుగా జీవితాంతం చెప్పుకున్నారు. హెలిగోలాండ్ ద్వీపంలో వలస పక్షుల కాళ్ళకు చిన్న ఉంగరాలు తొడిగి వదిలే పనిని కళ్ళారా చూశారు. 1930లో తిరిగి వచ్చేసరికి, నిధులు లేవని ఆ గైడ్ లెక్చరర్ ఉద్యోగాన్నే ఎత్తేశారు. ముప్పయి మూడేళ్ళ వయసు, భార్య, చేతిలో విద్య, ఉద్యోగం లేదు.

ఇట్లాంటి సమయంలో మనలో చాలామంది విద్యను అటకమీద పెట్టి దుకాణం తెరుస్తాము. ఆయన భార్యతో కలిసి అలీబాగ్ దగ్గర కిహీం అనే సముద్రతీర గ్రామంలో కాపురం పెట్టారు. ఇంటి పక్క చెట్లకు గిజిగాడు గూళ్ళు వేలాడుతున్నాయి. మన జనగామ చుట్టుపక్కల బావుల మీద వంగిన తుమ్మకొమ్మలకు, ఈతచెట్లకు వేలాడేవి కూడా అవే గూళ్ళు. అందరూ చూసే ఆ గూళ్ళను ఆయన నెలల తరబడి రోజూ గంటలకొద్దీ చూశారు. మగపిట్ట గూడును సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్టలు వచ్చి తనిఖీ చేస్తాయి. ఒకదానికి నచ్చితే అది లోపలికి చేరుతుంది, అప్పుడు మగది ఆ గూడు పూర్తిచేసి, పక్కనే మరొకటి మొదలుపెడుతుంది, మరొక ఆడదాని కోసం. ఈ సంగతిని విడమరచి చెప్పిన వ్యాసం 1931లో అచ్చయింది. ఉద్యోగం పోయిన మనిషి ఆ వ్యాసంతోనే పండితులలో పేరు తెచ్చుకున్నారు.

మన ప్రాంతానికి రాక

పాఠకులకు ముఖ్యంగా చెప్పవలసినది ఇక్కడే వుంది. దేశంలో స్వదేశీ సంస్థానాలలో ఏయే పక్షులున్నాయో అప్పటికి సరిగ్గా లెక్క లేదు. సంస్థానం వారు ప్రయాణఖర్చులు మాత్రం భరిస్తే తాను జీతం లేకుండా పనిచేస్తానని ఆయన ముందుకు వచ్చారు. మొదట ఒప్పుకున్నవాటిలో మన నిజాం రాజ్యం వుంది. 1931-32లో హైదరాబాద్ సంస్థాన పక్షుల సర్వే జరిగింది. నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు మూడూ ఆ రాజ్యంలోని భాగాలే. అమ్రాబాద్ కొండల్లో మన్ననూరు, ఫరహాబాద్ మొదలుకొని ఉత్తరాన ఆదిలాబాద్ అడవుల వరకు ఆయన పనిచేశారు. తెహ్మీనా బేగం భర్త వెంట అడవుల్లో గుడారాలలో వుంటూ, మకాం వ్యవహారమంతా చూసుకున్నారు. ఆయన ఇంగ్లీషు వచనం అంత తేటగా వుండడానికి కూడా ఆమె చలవే కారణమని చెబుతారు.

సేకరించిన పక్షులను పరిశీలించి పోల్చే పనిలో హ్యూ విస్లర్ అనే ఆంగ్లేయుడు సాయపడ్డాడు. సర్వే ఫలితాలు 1933-34లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా అచ్చయినవి. ఇప్పటికీ తెలంగాణ పక్షులను గూర్చి వ్రాసేవారు ఆ వ్యాసాలను తిరగేయక తప్పదు. తొంభై ఏళ్ళ కిందట ఎక్కడ ఏ పిట్ట వుండేదో, ఇప్పుడు ఏది కనబడటం లేదో తేల్చుకోవడానికి అదే ఆధారం.

తరువాత కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ సంస్థానాలలో ఇదే పని సాగించారు. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తరువాత తెహ్మీనా బేగం కన్నుమూశారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అక్క, బావ కుటుంబంతో కలిసి బతికారు. ఆ దుఃఖం నుంచి పనిలోకే పోయారు. 1941లో భారతీయ పక్షులను గూర్చిన ఆయన పుస్తకం వెలువడింది. మామూలు మనిషి దాన్ని చేతిలో పట్టుకొని తోటలోకి పోయి పిట్టను గుర్తుపట్టగలడు. అంతకు ముందు పక్షుల పుస్తకాలు దొరల బీరువాల కోసం వ్రాసినట్లుండేవి.

గుర్తుపట్టడమంటే ఏమిటి

ఇక మా వేపచెట్టు పిట్ట దగ్గరికి వస్తాము. సలీం అలీ పుస్తకాలు చదివిన తరువాత మాకు తెలిసింది, గుర్తుపట్టడమంటే పేరు ఊహించడం కాదు, తప్పు పేర్లను ఒక్కొక్కటిగా తీసేయడం. ఏ కాలంలో కనబడింది, ఎక్కడ తిరుగుతున్నది, ఏమి చేస్తున్నది, ఎంత వుంది, ఏయే గుర్తులున్నాయి, ఎట్లా కూస్తున్నది. ఈ ప్రశ్నలన్నింటికీ జవాబులు వ్రాసుకున్న తరువాతనే పేరు.

మరుసటి చలికాలం మేము ఆ చెట్టు కింద నిలబడ్డాము. పిట్ట పిచ్చుక కన్న చిన్నది. ఆకుల్లో కలిసిపోయే ఆకుపచ్చ వీపు, పసుపు కలిసిన తెల్లని పొట్ట. క్షణం నిలకడ లేదు. చిటారు కొమ్మల్లో ఆకు ఆకునూ వెతుకుతూ పురుగులను తింటున్నది.

ముందుగా దర్జీపిట్ట కాదని తీసేశాము. దానికి నెత్తి మీద ఇటుకరంగు టోపీ వుంటుంది, తోక పైకెత్తి పొదల్లో తిరుగుతుంది. కంటి చుట్టూ సున్నంతో గీసినట్లు తెల్లని వలయముండే చిన్న పిట్ట ఒకటి వుంది, అదీ కాదు. దీనికి వలయం లేదు, కంటి పైన పొడుగాటి లేత కనుబొమ గీత వుంది. ఆడ తేనెపిట్ట కూడా కాదు, దాని ముక్కు పొడుగ్గా వంగి వుంటుంది, దీనిది సన్నగా నిటారుగా వుంది. చివరికి రెక్క మీద చూడాలి. సన్నని లేతరంగు చార ఒక్కటే, అదీ ఈకలు అరిగితే కనబడనంత పలుచన. దీని దగ్గరి చుట్టం ఒకటి, హ్యూమ్ వార్బ్లర్ అనేది, ఇంకా చిన్నది, దాని రెక్క మీద రెండు చారలు వుంటాయి.

ఇన్ని చూసినా ఆకుల నడుమ చార దొరకదు, మెడ పట్టేస్తుంది. అప్పుడు చెవి పని చెయ్యాలి. చి-వీ అనే ఆ జంట అక్షరాల కూత, గట్టిగా, కొస పైకి లేచినట్లు, నిమిష నిమిషానికి వినబడుతుంది. చలికాలంలో ఒక్కొక్క పిట్ట తనకంటూ కొన్ని చెట్లను పట్టుకొని, వేరొకటి రాకుండా ఆ కూతతో కాపలా కాస్తుంది. సలీం అలీ సాహెబ్ తన పుస్తకాలలో ప్రతి పక్షి కూతనూ అక్షరాలలో పెట్టి చూపడానికి శ్రమపడ్డది ఇందుకే. ఇది కొత్త విద్యేమీ కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే పల్లెటూరి మతగురువు, అందరూ ఒకే పిట్ట అనుకునేదాన్ని, పాటలు వేరుగా వున్నాయి కనుక మూడు జాతులని తేల్చాడు.

మా పిట్ట పేరు గ్రీనిష్ వార్బ్లర్. ఇది మన దేశపు ఉత్తరాన హిమాలయాలలోను, ఇంకా దూరాన సైబీరియా అడవులలోను గుడ్లు పెట్టి, సెప్టెంబరు అక్టోబరు నెలల్లో దక్షిణాదికి దిగుతుంది. ఏప్రిల్ ప్రాంతంలో తిరిగిపోతుంది. మొత్తం బరువు ఏడెనిమిది గ్రాములు, అంటే మన జేబులోని రూపాయి బిళ్ళలు రెండు. అసలు పాట మన దగ్గర అరుదుగా, పోయే ముందు మాత్రమే వినబడుతుంది. అది గూడు కట్టే దేశంలో పాడే పాట.

ఆ పాటను గూర్చి ఒక వింత వుంది. ఈ పిట్టలు టిబెట్ పీఠభూమి చుట్టూ గొలుసులాగా వ్యాపించి వున్నాయని, పక్కపక్కవి ఒకటిగానే వుంటాయని 1938లో టైస్‌హర్స్ట్ అనే పండితుడు వ్రాశాడు. 2001లో వెలువడిన పరిశోధన దాన్ని బలపరచింది. హిమాలయాల నుంచి పడమటి వైపున, తూర్పు వైపున ఉత్తరానికి పోయేకొద్దీ పాట కొంచెం కొంచెంగా మారుతుంది. రెండు కొసలూ సైబీరియాలో కలిసిన చోట ఒకదాని పాటను మరొకటి తన జాతిదిగా గుర్తించదు. చూపుకు దాదాపు ఒకటే, పాట వేరు, అందుకే పెళ్ళి సంబంధం కుదరదు. పిట్టలే ఒకదాన్నొకటి పాటతో గుర్తుపడుతుంటే, మనం చెవి మూసుకొని గుర్తుపట్టడం సాధ్యమా?

అమెరికాకు చెందిన డిల్లన్ రిప్లీతో కలిసి సలీం అలీ భారత ఉపఖండపు పక్షులన్నింటి మీద 10 సంపుటాల గ్రంథం వ్రాశారు. 1968 నుంచి 1974 వరకు అవి వెలువడ్డాయి. ఈ చిన్న వార్బ్లర్లన్నీ వున్న 8వ సంపుటం 1973లో వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బయి ఆరు, డెబ్బయి ఏడేళ్ళు.

పేరులో నిజాయితీ

తప్పు పేరు చెబితే ఏం మునిగిపోయింది అని కొందరంటారు. రెండు ఉదాహరణలు చెబుతాము.

1937లో సలీం అలీ అఫ్ఘానిస్తాన్‌కు పోయినప్పుడు వెంట వున్న కర్నల్ మీనర్ట్జ్‌హాగెన్ పేరుమోసిన పక్షుల పండితుడు. ఆయన చనిపోయిన చాలా ఏళ్ళ తరువాత తేలిందేమంటే, ఆ పెద్దమనిషి మ్యూజియం నుంచి పక్షుల చర్మాలను దొంగిలించి, వాటికి అబద్ధపు స్థలాలు, తేదీలు తగిలించి తనవని చెప్పుకున్నాడు. అడవి పగిడికంటె అనే చిన్న గుడ్లగూబ గుజరాత్‌లో దొరికిందని అతడు పెట్టిన అబద్ధపు చీటీ వల్ల, వెతికేవారు తప్పు చోట వెతికారు. ఆ చీటీని పక్కకు పెట్టిన తరువాతనే, 1997లో, అది మహారాష్ట్రలో సజీవంగా కనబడింది.

రెండవది పొరపాటు, మోసం కాదు. 1948లో దక్షిణ భారత కొండల్లో దొరికిన ఒక పండ్లు తినే గబ్బిలాన్ని మామూలు జాతి అనుకొని సొసైటీ బీరువాలో పెట్టారు. ఇరవై నాలుగేళ్ళు అది తప్పు పేరుతోనే పడివుంది. 1972లో థాయ్‌లాండ్ శాస్త్రజ్ఞుడు థోంగ్‌లోంగ్యా దాన్ని మళ్ళీ పరిశీలించి, ఇది లోకానికి కొత్తదని తేల్చి, సలీం అలీ పేరు పెట్టాడు. తన సొంత సొసైటీ బీరువాలో దొర్లిన పొరపాటు బయటపడితే, ఆ దిద్దుబాటే ఆయనకు గౌరవమైంది.

గౌరవాలు, గుణాలు

సొసైటీని స్వాతంత్ర్యం తరువాత నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యులు. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో వలస పక్షులకు ఉంగరాలు తొడిగే పెద్ద పథకాన్ని నడిపారు. పక్షులు దేశదేశాల నుంచి రోగాలు మోసుకొస్తున్నాయా అనేది తేల్చడం దాని ఉద్దేశం. యువకుడుగా హెలిగోలాండ్‌లో చూసిన విద్య ముప్పయి ఏళ్ళ తరువాత ఇట్లా పనికి వచ్చింది. భరత్‌పూర్ నీటిపక్షుల నెలవును, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని కాపాడాలని పట్టుబట్టినవారిలో ఆయన గొంతు గట్టిది. మొదటిది 1982లో జాతీయ పార్కు అయింది, రెండవ అడవిని 1984లో జాతీయ పార్కుగా ప్రకటించారు.

1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం. 1967లో బ్రిటిష్ పక్షి శాస్త్రజ్ఞుల సంఘం వారి బంగారు పతకం, ఆంగ్లేయుడు కానివారికి అదే మొదటిసారి. తాను అందుకున్న గెట్టీ బహుమతి 50,000 డాలర్లను ప్రకృతి సంరక్షణ పనికి నిధిగా సొసైటీకి యిచ్చేశారు. అలీగఢ్ విశ్వవిద్యాలయం 1958లో, ఢిల్లీ 1973లో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1978లో ఆయనకు గౌరవ డాక్టరేట్లు యిచ్చాయి. డిగ్రీ లేదని ఒకప్పుడు వెనక్కి పంపబడిన మనిషి మరి.

ఆయనను దేవుణ్ణి చేయడం మా ఉద్దేశం కాదు. కోపిష్టి అని పేరు. గురక పెట్టేవారంటే అడవి మకాంలో దూరంగా పడుకోబెట్టేవారు. మోటారు సైకిళ్ళంటే పిల్లవాని మోజు. 1950లో స్వీడన్‌లో పక్షి శాస్త్రజ్ఞుల మహాసభకు తన సన్‌బీమ్ బండిని ఓడలో తీసుకుపోయి, యూరప్ రోడ్ల మీద నడుపుకుంటూ హాజరయ్యారు. అప్పటికి యాభై మూడేళ్ళు. శాస్త్రం కోసం వేలాది పక్షులను తుపాకీతో కొట్టినవారు కూడా ఆయనే. సరదా కోసం చంపడాన్ని మాత్రం తీవ్రంగా వ్యతిరేకించారు.

ఆయన కడపటి రోజుల్లో మన తెలుగునాట నుంచి ఒక మంచి వార్త వెలువడింది. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లాలో దొరికింది. దాన్ని వెతికింది సొసైటీ శాస్త్రజ్ఞులే గాని, పట్టి చూపించింది స్థానిక వేటగాడు. పుస్తకాలలో చచ్చిపోయిన పక్షికి ఆ వూరివాళ్ళ నోట్లో తెలుగు పేరు బతికే వుంది. మరుసటి సంవత్సరం, 1987 జూన్ 20న, తొంభై ఏళ్ళు దాటి సలీం అలీ సాహెబ్ బొంబాయిలో కన్నుమూశారు.

చివరి మాట

మేము ఆ పిట్ట పేరు కనుక్కునేసరికి ఆ పిల్లవాడు బడి విడిచిపోయాడు. కొంతకాలానికి మాకు జనగామకు బదిలీ అయింది. ఇక్కడి చింతచెట్టులోను, బంధువుల పెళ్ళికి భూపాలపల్లి పోయినప్పుడు బొగ్గుగనుల కాలనీ చెట్లలోను అదే కూత విన్నాము. విన్న ప్రతిసారీ వాడి ముఖమే గుర్తుకు వచ్చేది.

పోయిన చలికాలం పనిమీద మహబూబాబాద్ పోయి స్టేషన్ బయట నిలబడితే, ఒక మెకానిక్ షెడ్డు నుంచి యువకుడొకడు వచ్చి సలాం చేశాడు. వాడే. చేతులు నూనెతో నల్లగా వున్నాయి. చాయ్ తెప్పించాడు. మేము ఆలస్యం చేయక, ఆనాడు మేము చెప్పింది తప్పని, మాకు తెలియక అట్లా చెప్పామని, కసిరినందుకు మన్నించమని అన్నాము. పిట్ట పేరు చెప్పాము, అది ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాము. వాడు కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత, అది ఏ నెలలో తిరిగిపోతుంది సార్ అని అడిగాడు.

మాకు ఎంత సంతోషమైందో వ్రాయలేము. అన్ని సంవత్సరాల తరువాత వాడు మమ్మల్ని మళ్ళీ ప్రశ్న అడిగాడు. ఏప్రిల్ అని చెప్పాము.

తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు మా విన్నపం ఒక్కటే. పిల్లవాడు ఏదైనా చేతిలో పట్టుకొని వచ్చి ఇదేమిటని అడిగినప్పుడు, తెలిస్తే చెప్పండి. తెలియకపోతే అమీరుద్దీన్ తయ్యబ్జీ సాహెబ్ చేసినట్లు, తెలియదని చెప్పి, తెలిసినవారి దగ్గరికి ఒక చీటీ వ్రాసి పంపండి. ఈ అక్టోబరులో మీ ఇంటి వేపచెట్టు కింద ఒక్క అయిదు నిమిషాలు చెవి ఒగ్గి నిలబడండి, పిల్లలను కూడా వెంట తీసుకుపోండి.